జానెడు జీనుకి చెట్టు కావాలి

పలాస స్టేషను ముందు జట్కాలు ఒక్కొక్కటే కనుమరుగై, వాటి చోట ఆటోలు బారులు తీరుతున్న ఆ రోజుల్లో, నాకు ఇంగ్లీషు వచ్చని మా వీధి మొత్తానికీ ఒక నమ్మకం ఉండేది. అదెలా పుట్టిందో నాకూ తెలియదు. ఇంటర్మీడియెట్ పాసయ్యాను, మందు సీసాల మీద రాసింది చూసి భోజనానికి ముందో తర్వాతో చెప్పేదాన్ని, చర్చికి బయటి ఊళ్ళ నుంచి ఎవరైనా వస్తే పాస్టరుగారి పక్కన నిలబడి తల ఊపేదాన్ని. అంతకు మించి నా పాండిత్యం లేదు. కానీ మన గురించి నలుగురూ ఒక మాట అనుకుంటూ ఉంటే కొన్నాళ్ళకి మనమూ దాన్ని నమ్మేస్తాం. ఇరవై ఏళ్ళ వయసులో అయితే మరీ త్వరగా నమ్మేస్తాం. ఆ నమ్మకం నన్ను ఎక్కడెక్కడికి తిప్పిందో, చివరికి ఎవరి తోటలో నిలబెట్టిందో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

టెక్కలిలో మా చర్చి ఆడవాళ్ళు కలిసి తోలుపని నేర్పే చిన్న కేంద్రం ఒకటి నడిపేవారు. నేను రోజూ పక్కనే ఉన్న కాశీబుగ్గలో బస్సెక్కి అక్కడికి వెళ్ళేదాన్ని. బైబిలుకి తొడుగులు, చేతిసంచులు, నడుం పట్టీలు కుట్టేవాళ్ళం. వారానికోసారి విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ వచ్చి మా కుట్లు చూసి, వంకరగా ఉన్నవి ఊడదీయించి వెళ్ళేవారు. (ఆవిడ ఊడదీయించిన కుట్లన్నీ కలిపితే టెక్కలి నుంచి బారువ దాకా దారం పరవొచ్చని మాలో ఒక మాట.) ఒకసారి ఆవిడ కొన్ని జెరాక్సు కాగితాలు పట్టుకొచ్చారు. విశాఖలో ఒక షాపాయన బల్ల మీద అలంకారంగా పెట్టుకునే బుల్లి గుర్రపు జీనులు కావాలన్నాడట, జానెడు పొడుగు, అచ్చం పెద్దదాన్లాగే ఉండాలట. ఒకటి నమూనా చేసి చూపిస్తే నచ్చితే ఇంకా అడుగుతాడట. ఎలా చెయ్యాలో ఆ కాగితాల్లో ఉంది, ఇంగ్లీషులో. అందరూ నా వైపు చూశారు. నేను గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివాను. ముందుగా ఒక మినియేచర్ శాడిల్ ట్రీ సంపాదించుకోవాలని ఉంది. శాడిల్ అంటే జీను, ట్రీ అంటే చెట్టు, మినియేచర్ అంటే చిన్నది. ఇందులో అనుమానానికి తావేముంది? "ముందు చిన్న రకం జీను చెట్టు కావాలంట" అని తీర్పు చెప్పేశాను. కాగితాల్లో బొమ్మలు కూడా ఉండేవి గానీ, జెరాక్సులో అవి నల్లగా అలికినట్టు పడి, నాకు నిజంగానే కొమ్మలున్న మొక్కలాగే కనిపించాయి. తోలు పదును చెయ్యడానికి తంగేడు బెరడు వాడతారు కదా, జీను తోలుకి ఇంకేదో ప్రత్యేకమైన చెట్టు బెరడు కావాలేమో అని కారణం కూడా నేనే కల్పించి చెప్పాను.

మర్నాడు పలాస దగ్గర మొక్కలమ్మే నర్సరీకి వెళ్ళాను. అక్కడి కాపలా ముసలాయనకి ఒక చెవి సరిగ్గా వినపడదు. "తాతా, జీను చెట్టు మొక్కలున్నాయా? చిన్న రకం" అన్నాను.

"జీలుగు సెట్టా?" అన్నాడాయన.

మన్యం వైపు జీలుగు చెట్టు నుంచి కల్లు తీస్తారని నాకప్పటికి తెలియదు. పేరు దగ్గరగానే ఉంది కదా, పుస్తకాల్లో జీను, జనం నోట్లో జీలుగు అయ్యుంటుందనుకుని, "అదే తాతా, అదే!" అన్నాను సంబరంగా.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "నీకెందుకమ్మా? గీత్తారేటి మీ ఇంటికాడ?" అన్నాడు.

గీయడం అంటే బెరడు గీకడం అనుకున్నాను. "అవును తాతా, టెక్కలిలో మా చర్చి ఆడవాళ్ళందరం కలిసి గీస్తాం" అన్నాను.

ఆ మాట నా కన్నా ముందు ఇల్లు చేరింది. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా అమ్మ, "బాప్తిస్మం పుచ్చుకున్న గుంటవి, నీకు కల్లు సెట్టెందుకే?" అని నిలదీసింది. నేను ఏడుపు గొంతుతో కాగితాలు తెచ్చి చూపించాను. మా అమ్మకి చదువు రాదు. ఆ పక్కనే గోడకి చేరబడి ఆటో సీటుకి తొడుగు కుడుతున్న మా మావ మాత్రం కాగితం అందుకుని, తిప్పి తిప్పి చూసి, ఆ నల్లటి బొమ్మ మీద వేలు పెట్టాడు.

మావంటే మా అమ్మ తమ్ముడు. వీధిలో అందరూ జట్కా మావ అనేవారు. స్టేషను జట్కాల గుర్రాలన్నిటికీ పగ్గాలు, పట్టెడలు, వీపు మీది గద్దెలు కుట్టినవాడు. జట్కాలు పోయాక అవే సూదులతో ఆటో సీట్లు కుట్టుకుంటున్నాడు. ఆటోల గురించి ఎప్పుడూ చెడ్డ మాట అనలేదు గానీ, జీవితంలో ఒక్కసారి కూడా ఆటో ఎక్కలేదు.

"సెట్టు కాదే పిచ్చి గుంటా, సట్టం" అన్నాడు. "జీను లోపల కర్రెముకలుంటాయి. ముందో కమాను, ఎనకో కమాను, రెండిటినీ కలుపుతూ అటో పట్టీ ఇటో పట్టీ. ఆ గూడు మీదే తోలు బిగిస్తారు. అది నేకపోతే జీనవదు, తలగడవుద్ది."

"నువ్వు జీను ఎప్పుడైనా చేశావా మావా?"

"సేసినాను. జమీందారు గుర్రానికి" అన్నాడు. (ఈ జమీందారు ఒకసారి టెక్కలి వాడు, ఒకసారి మందస వాడు. ఎక్కువగా అడిగితే ఆ జీను మావ తండ్రి చేసిందై, మావ దానికి నూనె రాసినవాడై తేలేది.) ఏమైనా ఆ సాయంత్రం నుంచి ఆ జానెడు జీను నా పని కాకుండా మావ పని అయిపోయింది. సీటు తొడుగు సగంలో ఆపేసి, నేల మీద బొగ్గుతో కమానులు గీస్తూ కూర్చున్నాడు. అంత ఉషారుగా ఆయన్ని చూసి చాలా కాలమైందని మా అమ్మ వంటింట్లోంచే నాకు సైగ చేసింది.

కాశీబుగ్గలో మంచాలు, ద్వారబంధాలు చేసే వడ్రంగిని పట్టుకున్నాం. ఆయన మంచివాడు. మావ గీసిన బొమ్మ చూసి, చూసినంతసేపూ "అర్థమైంది" అన్నాడు. చేసిచ్చింది మాత్రం నాలుగు కాళ్ళున్న చపాతీ పీట. మావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "దీని మీద గుర్రం కూకోవాల గానీ, గుర్రం మీద ఇది కూకోదు" అన్నాడు. ఇంకోసారి చేయించాం. ఈసారి ఆకారం కుదిరింది గానీ, తడి తోలు బిగించేసరికి ముందు కమాను మధ్యలో ఫటుక్కున విరిగింది. తిన్నటి చెక్కని కోసి వంపు తీస్తే నిలవదని, పుట్టుకతోనే వంగిన కొమ్మ కావాలని మావ తేల్చాడు. చిన్న పంగల కొమ్మలు, కమానులా తిరిగినవి. అలా వంకర్లు తిరిగి పెరిగే చెట్టు మా వైపు ఒక్కటే, జీడిమామిడి. జీడిమామిడి అంటే ఉద్దానం, సముద్రం ఒడ్డున ఉన్న తోటల సీమ.

ఆ ముందటి ఏడాది తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసి పోయింది. పలాసలో మాకు రేకులు ఎగిరాయి, కరెంటు పోయింది, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. చర్చిలో ప్రార్థనలు చేశాం, బియ్యం పోగుచేసి పంపాం. అంతటితో మా మనసుల్లో తుఫాను అయిపోయింది. మావతో కలిసి వజ్రపుకొత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్తూ చూసిన నాడు గానీ నాకు తెలియలేదు, అక్కడ అది ఇంకా అయిపోలేదని. తలలు తెగిన కొబ్బరి చెట్లు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. జీడి చెట్లు వేళ్ళు ఆకాశానికి పెట్టి పడుకుని ఉన్నాయి. కొన్నిటిని నరికి పేర్చారు, చాలావాటిని ఊరికే వదిలేశారు. ఎప్పుడూ నీడలో ఉండే ఊళ్ళు ఎండలో బట్టల్లేనట్టు కనిపించాయి. ఇంతమంది బాధలో ఉన్న చోటికి బొమ్మ జీను కోసం కొమ్మలడగడానికి వెళ్తున్నామని నాకు అప్పుడు తట్టింది. వెనక్కి పోదామా అని కూడా అనిపించింది. కానీ బస్సు దిగిపోయాం.

నా మెడలో కొలతల టేపు, చెవి వెనక పెన్సిలు. మావ ఒంటి మీద జట్కాల కాలం నాటి ఖాకీ చొక్కా. దారి పక్కన పడి ఉన్న మొదటి చెట్టు దగ్గర ఆగి, ఒక పంగకి నేను టేపు పెట్టాను. తల ఎత్తేసరికి చుట్టూ పదిమంది ఉన్నారు. ఇంకా వస్తున్నారు.

"టెక్కలి ఆఫీసోలేటమ్మా?" అన్నాడు తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన.

"టెక్కలి నుంచేనండీ. కానీ ఆఫీసు కాదు."

"ఆఫీసు కాకపోతే టేపెందుకు?"

"జీనుకండీ. గుర్రపు జీను. ఇంతే ఉంటుంది" అని జాన చూపించాను.

"ఏ గుర్రం?"

"గుర్రం లేదండీ. బల్ల మీద పెట్టుకుంటారు."

వెనక నుంచి ఎవరో మెల్లగా, "సెప్పకూడదని పైనుంచి ఆర్డరొచ్చుంటాదిరా, పాపం" అన్నారు. అంతే, అందరికీ విషయం అర్థమైపోయింది. పడిపోయిన చెట్లకి నష్టపరిహారం లెక్క తియ్యడానికి మమ్మల్ని రహస్యంగా పంపారు. నేను కాదన్నకొద్దీ వాళ్ళ నమ్మకం గట్టిపడింది. తువ్వాలాయన టేపు కొస పట్టుకుని తన చెట్టు దగ్గరికి నడిపించాడు. "ఇది రాసుకోండమ్మా. ముందొచ్చినోలు ఆ గట్టు దాకా వొచ్చి ఎల్లిపోనారు, ఇది సూణ్ణేదు" అన్నాడు. ఒకావిడ కొబ్బరి బోండాం కొట్టి చేతిలో పెట్టింది. ఇంకొకావిడ నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ గుర్తుంది. మావ వైపు చూశాను. మావ అందరి మధ్యకీ వచ్చి, ఖాకీ చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా తీసి నా భుజం మీద వేశాడు. లోపలి బనీను జల్లెడలా ఉంది.

"సూడండి బాబూ" అన్నాడు రెండు చేతులూ చాపి. "ఇలాటి బనీనేసుకున్న ఆఫీసర్ని మీరెక్కడైనా సూసినారేటి? నాను జట్కా గుర్రాలకి పట్టెడలు కుట్టినోణ్ణి. ఈ గుంట నా మేనకోడలు. మీకేటీ సెయ్యలేనోలం. కొమ్మకోసం వొచ్చినాం, అంతే."

తువ్వాలాయన టేపు కొస వదిలేశాడు. వాళ్ళ ముఖాల్లోంచి ఆశ దిగిపోవడం కళ్ళారా చూశాను. చూడ్డానికి అంత కష్టమైనది నా ఇరవై ఏళ్ళలో అంతకు ముందు చూడలేదు. అప్పుడు ఒక ముసలావిడ, కర్ర పుచ్చుకుని అంతవరకూ ఒక పక్కన నిలబడ్డ మనిషి, ముందుకొచ్చి మావ బనీనుని దగ్గరగా చూసి కిసుక్కుమంది. "గుర్రం నేకుండా జీనంట! ఇంత తెలివితక్కువ అబద్దం ఆఫీసోలు ఆడరురా. ఇది నిజఁవే" అంది.

ఆవిడ పేరు అడగలేదు. తర్వాత మేమిద్దరం జీడి మామ్మ అని చెప్పుకునేవాళ్ళం. మమ్మల్ని తన తోటలోకి తీసుకెళ్ళింది. తోటంటే అప్పటికి ఒకే ఒక్క పెద్ద చెట్టు, అదీ పక్కకి ఒరిగి పడి ఉంది. మిగతావి కట్టెల కింద అమ్మేసింది. దీన్ని మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదట. ఆవిడా, భర్తా పెళ్ళయిన కొత్తలో నాటారట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. "కాళ్ళు పొంగిపోనాయి, మొకం పొంగిపోనాది, ఎల్లిపోనాడు. మా ఏపు శానామంది అలగే ఎల్లిపోతారు" అంది, వానల గురించి చెప్పినట్టుగా. "నీళ్ళ వొల్లంటారు కొందరు. నాకు తెల్దు. మీరు మాత్రం మా నూతి నీళ్ళు తాగకండి, బోండాం తాగండి."

మావ చెట్టు చుట్టూ తిరిగాడు గానీ, కొమ్మ మీద చెయ్యి వెయ్యలేదు. "వొద్దులే అమ్మా, ఇంకెక్కడైనా సూసుకుంటాం" అన్నాడు.

మామ్మ కర్రతో ఒక పంగని తట్టింది. "ఇది బాగుందేటి సూడు. కట్టెలోడికిత్తే పొయ్యిలో కెల్లిపోద్ది. జీనైతే ఉంటాది కదా. కోసుకోండి. అయ్యేక ఓపాలి తెచ్చి సూపించండి, అంతే."

మావ ఆ చెట్టుకి దండం పెట్టి మరీ కోశాడు. మా చర్చిలో చెట్లకి దండం పెట్టరు. నేనది చూడనట్టు ఊరుకున్నాను.

ఆ పంగలు మా అటక మీద ఎండాయి. మావ వాటిని గాజుపెంకుతో గీకి గీకి నునుపు చేశాడు. కమానుల మధ్య పనస చెక్క పట్టీలు దించాడు. పచ్చి మేకతోలు నానబెట్టి ఆ గూడు మీద బిగించి కుట్టి ఆరబెడితే, వేలితో తట్టినప్పుడు డప్పులా మోగింది. పైతోలు నేను కుట్టాను. మావ నా కుట్లు ఊడదీయించడంలో విశాఖ మేడమ్‌ని మించిపోయాడు. చివరికి కాళ్ళు పెట్టుకునే రెండు బుల్లి రికాబులు, కడుపు కింద బిగించే పట్టీ, దానికి చిన్న ఇత్తడి బకిలీ. అంత అందమైన వస్తువు నా చేతుల్లోంచి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. సోమవారం మేడమ్ వచ్చి నమూనా తీసుకెళ్తారు. శనివారం ఉదయం దాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి, మాట ప్రకారం మామ్మ దగ్గరికి బయల్దేరాం.

మామ్మ జీనుని ఒళ్ళో పెట్టుకుని, పైన ఉన్న తోలుని కాదు, కిందికి తిప్పి లోపల కనిపించే కర్రని వేలితో రాసింది. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ పోగయ్యారు. తువ్వాలాయన కూడా వచ్చాడు. అంతలో మామ్మ తల ఎత్తి, "ఈపు మీద ఎలగుంటాదో సూడొద్దేటి?" అంది. గుంజకి కట్టేసిన తన రెండు మేకపిల్లల్లో ఒకదాని వైపు చూపించింది.

నేను "వద్దు మామ్మా" అనేలోపే మావ జీను అందుకున్నాడు. జట్కాలు పోయాక ప్రాణమున్న జంతువు కడుపు కింద పట్టీ బిగించడం ఆయనకి అదే మొదటిసారి. ఆ వేళ్ళు ఎలా కదిలాయో చెప్పలేను. మేకపిల్ల చెవి వెనక గోకి, దాంతో ఏదో గొణిగి, ఊపిరి వదిలేదాకా ఆగి, బకిలీ పెట్టాడు. కచ్చితంగా కుదిరింది. మామ్మ చప్పట్లు కొట్టింది. చప్పట్లకి బెదిరి మేకపిల్ల మెడతాడు తెంపుకుని పరిగెత్తింది.

"ఓలమ్మో, గుర్రం పారిపోతందర్రా!" అని ఎవరో అరిచారు.

ఊరు మొత్తం దాని వెంట పడింది. పడిపోయిన చెట్ల మీంచి మేకపిల్ల దూకుతోంది, దాని వీపు మీద జీను ఠీవిగా ఎగురుతోంది, రికాబులు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. తువ్వాలాయన ఒక వైపు నుంచి అడ్డం వచ్చి ఇసకలో బోర్లా పడ్డాడు. బోండాం ఇచ్చినావిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి "ఆపండర్రా దాన్ని!" అంటూనే నవ్వాపుకోలేక కూలబడిపోయింది. మావ "ఇదిగో, ఇదిగో" అని జట్కావాళ్ళు గుర్రాల్ని పిలిచే పిలుపుతో మేకని పిలుస్తున్నాడు. మేకకి ఆ భాష రాదు. అది ముళ్ళ కంచెలో దూరి, ఇవతలికి వచ్చి, చివరికి గుట్టగా పోసిన జీడాకుల్లో తల పెట్టి ఆగింది. చుట్టూ అందరూ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ఒక చెట్టు మొదట్లో కూర్చుని కాయలు లేని కొమ్మల వైపే చూస్తూ ఉండే ఒక ముసలాయన, (పలకరించినా పలకడని మాకు ముందే చెప్పారు), ఆయన కూడా నోట్లో పళ్ళు లేకుండా నవ్వుతున్నాడు.

నేను మాత్రం ఏడుస్తున్నాను. జీను మీద గీతలు పడ్డాయి, ఒక రికాబు ముళ్ళలో పోయింది, సోమవారం మేడమ్ వస్తారు, నా బతుకు అయిపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తుంటే మామ్మ కర్ర పక్కన పడేసి, నా పక్కన చతికిలబడి, తన కొంగుతో ముందు తన కళ్ళు తుడుచుకుని తర్వాత నా కళ్ళు తుడిచింది. ఆవిడవి నవ్వి వచ్చిన నీళ్ళు. "ఏడవకే గుంటా. మాకు నవ్వొచ్చి శానా దినాలైపోనాది" అంది.

సోమవారం ఆ గీతల జీనునే మేడమ్ చేతిలో పెట్టాను. తెల్లారేదాకా కూర్చుని మావ ఇంకో రికాబు వంచిచ్చాడు గానీ, గీతలు ఎక్కడికి పోతాయి? వారం తర్వాత కబురొచ్చింది. షాపాయనకి తెగ నచ్చిందట, పాత సంస్థానాల నాటి వస్తువులా ఉందన్నాడట, మిగతావి కూడా అలాగే గీతలతో కావాలట. మావ ఒప్పుకోలేదు. "నాను కుట్టిందాన్ని నానే గీకాలేటి?" అని రెండు రోజులు సూది పట్టలేదు. చివరికి ఆ పాపం నేనే మూటగట్టుకున్నాను, కొబ్బరి పీచు పెట్టి, మావ లేనప్పుడు. రెండు మూడేళ్ళు అలా జీనులు కుట్టాం, పంగలన్నీ మామ్మ చెట్టువే. తర్వాత షాపాయన అడగడం మానేశాడు. కేంద్రం కూడా నెమ్మదిగా మూతపడింది. మామ్మ ఆ మేకని ఎవరికీ అమ్మలేదని, అది ముసలిదై ఇంట్లోనే పోయిందని విన్నాను. ఆ తర్వాత మామ్మ. ఆ తర్వాత కొన్నేళ్ళకి మావ, సూది చేతిలో ఉండగానే అన్నంత నెమ్మదిగా.

నాకిప్పుడు సంచులు కుట్టే చిన్న దుకాణం ఉంది. ఇంగ్లీషు కాగితం ఏదైనా వస్తే మా అమ్మాయి చేత చదివిస్తాను. అప్పుడప్పుడు కుట్టు మధ్యలో ఆ శనివారం గుర్తొస్తుంది. ఏడాదిగా ఏడ్చిన ఊరు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఒక జానెడు తోలు మీద గీతలు పడ్డాయని మధ్యలో కూర్చుని ఏడుస్తున్న ఆ ఇరవై ఏళ్ళ పిల్లని చూస్తే జాలేస్తుంది. కోప్పడబుద్ధి కాదు, ఆ పిల్లకి అంతకన్నా పెద్ద దుఃఖం అప్పటికింకా తెలియదు. ఇప్పటి నేనే గనక అక్కడ ఉండి ఉంటే, మామ్మని అడిగి రెండో మేకని కూడా విప్పేసేదాన్ని.